పసికందును ఫైర్ స్టేషన్‌లో అప్పగించడం: కాలిఫోర్నియా చట్టంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పెంచలేని స్థితిలో కన్న బిడ్డను, పేరు చెప్పకుండా, కేసు భయం లేకుండా సిబ్బంది చేతికిచ్చి వెళ్లే వెసులుబాటు అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఉంది. గడువు, చోటు, పద్ధతి మాత్రం రాష్ట్రానికో రకం. అన్నీ కలిపి రాస్తే ఎవరికీ పనికిరాదు కాబట్టి ఇక్కడ కాలిఫోర్నియా చట్టాన్నే తీసుకున్నాం, ఉదాహరణలకు లాస్ ఏంజలెస్ కౌంటీని. మిగతా రాష్ట్రాల గురించి, ఆంధ్ర, తెలంగాణల గురించి చివర్లో కొంత ఉంది.

బిడ్డ ఇప్పుడే పుట్టింది, నా చేతుల్లోనే ఉంది. ముందు ఏం చేయాలి?

ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఫర్వాలేదు, ఇది చదవండి. పొడి తువ్వాలుతో బిడ్డను తల నుంచి పాదాల దాకా తుడవండి. తడిసిన తువ్వాలు పక్కన పడేసి, బిడ్డను మీ ఒంటికి ఆనించుకుని పైన ఇంకో పొడి బట్ట కప్పండి. తలకు టోపీ గానీ గుడ్డ గానీ ఉండాలి, ముక్కూ నోరూ తెరిచి ఉండాలి. స్నానం చేయించకండి. తడి ఒంటితో ఉన్న పసికందు ఒళ్లు నిమిషాల్లో చల్లబడిపోతుంది, మనకు వెచ్చగా అనిపించే గదిలో కూడా.

బిడ్డ ఏడవకపోతే, ఊపిరి ఆడనట్టుంటే, వీపు మీద గట్టిగా రుద్దుతూ 911కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఏం చేయాలో వాళ్లు ఒక్కొక్కటే చెబుతారు.

బొడ్డుతాడు లాగకండి. వంటింటి కత్తెరతో కోయకండి. మాయ పడితే దాన్ని శుభ్రమైన కవర్లో గానీ గుడ్డలో గానీ పెట్టి, తాడు తెంపకుండా బిడ్డ పక్కనే ఉంచి తీసుకెళ్లండి. చూడటానికి ఎలా ఉన్నా అదే క్షేమం. హడావుడిగా కోసి, సరిగ్గా ముడి వేయకపోతే ఆ కొసలోంచి బిడ్డ రక్తం పోతుంది.

నోట్లో ఏమీ వేయకండి. పుట్టగానే తేనె నాకించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం: అందులో ఉండే బాక్టీరియా బీజాలు పేగుల్లో విషం తయారుచేసి కండరాలను చచ్చుబడేస్తాయి. చక్కెర నీళ్లూ వద్దు, ఆముదమూ వద్దు. ఇవ్వగలిగితే మీ పాలే ఇవ్వండి. ఇవ్వలేకపోతే స్టేషన్‌కి చేరేదాకా బిడ్డను వెచ్చగా ఉంచండి చాలు.

ఈ చట్టం ఎందుకు వచ్చింది?

చెత్తకుండీల్లో, బాత్‌రూముల్లో దొరికే పసికందుల వార్తలు వరసగా వస్తుంటే 1999లో టెక్సస్ మొదటి చట్టం చేసింది. దాచిపెట్టి కన్న తల్లిని జైలు పేరుతో బెదిరిస్తే ఆమె ఇంకా లోపలికి దాక్కుంటుందే తప్ప బిడ్డను బయటికి తీసుకురాదు అన్నది దాని వెనక ఉన్న ఆలోచన. కాలిఫోర్నియా చట్టం 2001 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మొదట కొన్నేళ్ల గడువుతో తెచ్చి, 2006లో శాశ్వతం చేశారు. దాని పేరు సేఫ్‌లీ సరెండర్డ్ బేబీ లా. బిడ్డను పుట్టిన 72 గంటల్లోపు అప్పగించాలన్నది దాని షరతు. 2008కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటిది వచ్చింది.

72 గంటలు ఎప్పటి నుంచి లెక్క? దాటిపోతే?

బిడ్డ పుట్టిన క్షణం నుంచి. సోమవారం రాత్రి 11 గంటలకు పుడితే గురువారం రాత్రి 11 దాకా. శని, ఆదివారాలు, సెలవులు అన్నీ ఆ లెక్కలోనే వస్తాయి. స్టేషన్లూ ఎమర్జెన్సీ గదులూ రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి.

పుట్టిన గంటకు కాగితం రుజువు ఎవరూ అడగరు. బిడ్డ వయసు 72 గంటల లోపేనని నమ్మి తీసుకున్న సిబ్బందిపై తర్వాత బాధ్యత పడకుండా చట్టమే కాపాడుతుంది.

నాలుగో రోజో అయిదో రోజో అయితే ఈ చట్టం ఇచ్చే రక్షణ వర్తించదు. అంతమాత్రాన దారులు మూసుకుపోయాయని ఎక్కడో వదిలేయకండి. స్థానిక సహాయ సేవల హెల్ప్‌లైన్ 211కి ఫోన్ చేయొచ్చు, కౌంటీ పిల్లల సంక్షేమ శాఖకు చేయొచ్చు, లైసెన్సున్న దత్తత ఏజెన్సీతో మాట్లాడొచ్చు. అక్కడ పేరు చెప్పాల్సి వస్తుంది, కాగితాల మీద సంతకాలు ఉంటాయి. అలా స్వయంగా ముందుకొచ్చి ఏర్పాటు చేయడం వేరు, వదిలేసి వెళ్లడం వేరు. నేరమయ్యేది రెండోదే.

ఏ ఫైర్ స్టేషన్‌కైనా తీసుకెళ్లొచ్చా?

లాస్ ఏంజలెస్ కౌంటీలో ఫైర్ స్టేషన్లూ ఆసుపత్రుల ఎమర్జెన్సీ గదులూ ఈ పనికి ఉన్నవే. రాష్ట్రమంతటా మాత్రం అలా కాదు. ఎమర్జెన్సీ గది ఉన్న ఆసుపత్రి ఎక్కడైనా పనికొస్తుంది. ఫైర్ స్టేషన్‌కి మాత్రం కౌంటీ బోర్డు గానీ, స్థానిక పాలకమండలి ఆమోదంతో ఫైర్ శాఖ గానీ ఆ హోదా ఇచ్చి ఉండాలి. హోదా ఉన్నచోట గోడ మీద రాష్ట్రం గుర్తు కనిపిస్తుంది: రెండు చేతుల్లో పసిబిడ్డ బొమ్మ. ఊరిబయట స్వచ్ఛందంగా నడిచే చిన్న స్టేషన్లలో మనుషులు ఎప్పుడూ ఉండరు. మీ ఊరు అలాంటిదైతే నేరుగా ఆసుపత్రికే వెళ్లండి.

పోలీస్ స్టేషన్, గుడి, చర్చి, మామూలు క్లినిక్, అర్జెంట్ కేర్ సెంటర్: ఇవి ఈ చట్టం లెక్కలోకి రావు. అర్జెంట్ కేర్ దగ్గరే చాలామంది పొరబడతారు. పైన ఆసుపత్రి పేరే ఉన్నా అది ఎమర్జెన్సీ గది కాదు.

ఎక్కడికెళ్లాలో తేలకపోతే లాస్ ఏంజలెస్ కౌంటీ నంబరు 1-877-222-9723. దేశమంతటికీ పనిచేసే నేషనల్ సేఫ్ హేవెన్ అలయన్స్ నంబరు 1-888-510-2229. ఫోన్ చేసి పేరు చెప్పకుండానే అడగొచ్చు.

స్టేషన్‌లోకి వెళ్లాక ఏం జరుగుతుంది?

గంట కొడితే యూనిఫాంలో ఎవరో ఒకరు తలుపు తీస్తారు. "ఐ వాంట్ టు సరెండర్ మై బేబీ" అంటే చాలు. ఇంగ్లీషు అంతకు మించి రాకపోయినా, మాట పెగలకపోయినా, ఈ వాక్యం ఫోన్‌లో టైప్ చేసి చూపించినా పని జరుగుతుంది. బిడ్డ మీ చేతుల్లోంచి వాళ్ల చేతుల్లోకి వెళ్తుంది. చట్టం దృష్టిలో అప్పగింత అంటే ఆ క్షణమే.

వాళ్లలో ఎక్కువమంది ఎమర్జెన్సీ వైద్యంలో శిక్షణ పొందినవాళ్లే. ఊపిరి, ఒంటి రంగు, వేడి, బొడ్డు చూసి, బిడ్డను వెచ్చగా చుట్టి అంబులెన్సు సిద్ధం చేస్తారు. ఇంకోపక్క ఒక కిట్ తెరుస్తారు. అందులో ఆరోగ్య వివరాలు అడిగే ఒక ఫారం, ఒకే రహస్య సంఖ్య ఉన్న రెండు పట్టీలు ఉంటాయి. ఒకటి బిడ్డ కాలికి. రెండోది మీకు. ఆసుపత్రుల్లో చేతికి వేసే ప్లాస్టిక్ బ్యాండ్ లాంటిదే. దాని మీద పేరుండదు, అంకెలే ఉంటాయి. తీసుకోమని అడుగుతారు, బలవంతం చేయరు.

తీసుకోండి. ఇప్పుడు అక్కర్లేదనిపించినా సరే. పచ్చి బాలింత మనసు రెండు రోజుల్లో ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. తిరిగి అడగాలంటే ఆ అంకెలే మొదటి ఆనవాలు. దాచుకోవడానికి భయమైతే ఫోన్‌లో ఫొటో తీసుకున్నా సరిపోతుంది. పట్టీ చేతిలో ఉన్నంత మాత్రాన తల్లినని రుజువైపోదు, ఆ సంగతి చట్టంలోనే రాసి ఉంది. కానీ ఏ బిడ్డో వెతకాల్సిన పని తప్పుతుంది.

ఇదంతా అయిదు పది నిమిషాల పని. ఆ తర్వాత మీరు వెళ్లిపోవచ్చు. మీకు రక్తస్రావం ఉంటే, కళ్లు తిరుగుతుంటే మాత్రం చెప్పండి. అదే అంబులెన్సులో మీకూ చోటుంటుంది.

స్టేషన్‌లో ఎవరూ లేకపోతే గుమ్మం ముందు పెట్టి వెళ్లొచ్చా?

వద్దు. ఎక్కువ అనర్థాలు ఇక్కడే జరుగుతాయి.

ఫైర్ ఇంజను ఏదో ప్రమాదం మీద బయటికి వెళ్లి ఉంటుంది. ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం, అరగంట కావచ్చు, మూడు గంటలు కావచ్చు. వచ్చినా ఇంజను వెనక తలుపులోంచి లోపలికి పోతుంది, ముందు గుమ్మం వైపు ఎవరూ చూడరు. కారు సీటులో దుప్పటి కప్పి పెట్టిన బిడ్డ ఈలోగా ఎండకు వేడెక్కుతుంది, రాత్రయితే చల్లబడుతుంది. నాకు ఏడుపు వినిపిస్తోంది కాబట్టి వాళ్లకీ వినిపిస్తుందిలే అనుకోవడం పొరపాటు. చలికి కుంగిపోయిన పసికందు ఏడవదు, నిద్రపోతున్నట్టు మెత్తగా పడి ఉంటుంది.

చట్టం కోణంలోనూ తేడా పెద్దదే. మనిషి చేతికి ఇస్తే అప్పగింత. గుమ్మంలో పెడితే వదిలేయడం, అంటే నేరం. గోడకు ఆ గుర్తు తగిలించి ఉన్నా లెక్క మారదు.

ఎవరూ పలకకపోతే చుట్టూ చూడండి. చాలా స్టేషన్ల తలుపు పక్కన గోడకు ఫోన్ పెట్టె ఉంటుంది, ఎత్తితే కంట్రోల్ రూముకు కలుస్తుంది. లేకపోతే మీ ఫోన్ నుంచి 911 చేసి స్టేషన్ ముందే ఉన్నానని, బిడ్డను అప్పగించడానికి వచ్చానని చెప్పండి. మనిషి వచ్చేదాకా బిడ్డను ఎత్తుకునే ఉండండి. ఆగలేకపోతే దగ్గర్లోని ఎమర్జెన్సీ గదికి వెళ్లండి.

ఆ ఫారంలో ఏం అడుగుతారు? నింపకపోతే?

నింపకపోయినా ఏమీ అనరు. అక్కడే నింపొచ్చు, ఇంటికి తీసుకెళ్లి నింపి కిట్‌లో ఇచ్చిన కవర్లో పోస్టు చేయొచ్చు. తల్లిదండ్రులెవరో తెలిసే ప్రశ్న ఒక్కటీ అందులో ఉండకూడదని చట్టం చెబుతోంది. అడిగేది కుటుంబ ఆరోగ్య చరిత్ర, గర్భిణిగా ఉన్నప్పటి సంగతులు.

వీలైతే నింపండి. మన కుటుంబాల్లో రాయదగ్గ విషయాలు కొన్ని ప్రత్యేకంగా ఉంటాయి. మేనరికాలు, తలసీమియా, సికిల్ సెల్, చిన్న వయసులోనే గుండెపోటు, షుగరు. మేనరికం అన్నమాట ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియకపోతే తల్లిదండ్రులిద్దరూ రక్తసంబంధీకులని రాస్తే సరిపోతుంది. గర్భంలో ఉన్నప్పుడు మందులు, మద్యం వాడి ఉంటే అదీ రాయండి. పిల్లల డాక్టరుకు మొదటి వారంలో ఎక్కువ ఉపయోగపడేది అదే.

తల్లే తీసుకురావాలా? స్నేహితురాలో అమ్మమ్మో తెస్తే?

తల్లి గానీ తండ్రి గానీ తేవచ్చు. వేరేవాళ్లయితే, బిడ్డను తల్లి లేదా తండ్రి చేతి నుంచే తీసుకుని ఉండాలి, అప్పగిస్తానని మాటిచ్చి తీసుకుని ఉండాలి. అప్పుడు చట్టం దాన్ని సక్రమంగానే చూస్తుంది. రూమ్మేట్, అక్క, అమ్మమ్మ ఎవరైనా కావచ్చు.

తల్లికి తెలియకుండా, ఆమె నిద్రపోతుంటే బిడ్డను ఎత్తుకొచ్చి ఇవ్వడం మాత్రం అప్పగింత కాదు. పరువు పోతుందని పెద్దవాళ్లు అలా చేస్తే అది బిడ్డను ఎత్తుకుపోవడమే.

నిజంగానే కేసు పెట్టరా?

గడువులోపు, సరైన చోట, స్వచ్ఛందంగా ఇస్తే, వదిలేశారన్న నేరం కింద విచారించకూడదని కాలిఫోర్నియా శిక్షాస్మృతి 271.5 సెక్షన్ చెబుతోంది. రక్షణ అంతవరకే. బిడ్డ ఒంటిమీద కొట్టిన గుర్తులుంటే దాని విచారణ వేరుగా నడుస్తుంది. కాన్పులో సహజంగా అయ్యే కమిలిన మచ్చలు, తల సాగినట్టుండటం డాక్టర్లకు తెలిసిన విషయాలే, వాటికి భయపడక్కర్లేదు.

నేను ఎఫ్-1 వీసా మీద ఉన్నాను (లేదా వీసా అయిపోయింది). ఇబ్బంది అవుతుందా?

పేరే అడగని చోట పాస్‌పోర్టు ప్రసక్తి రాదు. ఈ చట్టంలో ఎక్కడా పౌరసత్వం, వీసా అన్న షరతు లేదు.

బిడ్డ సంగతికొస్తే, ఇక్కడ పుట్టిన బిడ్డ అమెరికా పౌరురాలే. తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డకు కూడా వలస చట్టంలో విడిగా ఏర్పాటుంది: అయిదేళ్ల లోపు వయసులో అమెరికాలో దొరికితే, ఇంకెక్కడో పుట్టినట్టు 21 ఏళ్లు నిండే లోపు రుజువైతే తప్ప పౌరసత్వం నిలుస్తుంది. మీ పేరు చెప్పనంత మాత్రాన బిడ్డ ఏ దేశానికీ చెందకుండా పోదు.

ఆసుపత్రిలో కని, అక్కడే అప్పగించొచ్చా?

అన్నిటికన్నా మంచి దారి ఇదే. బిడ్డకూ మీకూ ప్రాణభయం ఉండదు. నొప్పులతో వచ్చిన ఆడమనిషిని ఇన్సూరెన్స్ లేదనో, కాగితాలు లేవనో ఎమర్జెన్సీ గది వెనక్కి పంపకూడదని 1986 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. కాలిఫోర్నియాలో ఆదాయం తక్కువున్నవాళ్ల కాన్పు ఖర్చును మెడి-కాల్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుంది, వీసాతో పనిలేకుండా.

కాన్పు గదిలో మీ పేరు రికార్డులో ఉంటుంది కదా అని అడుగుతారు. ఉంటుంది, అది మీ వైద్యం రికార్డు. అప్పగింత చట్టం కింద ఇస్తున్నానని నర్సుకు గానీ సోషల్ వర్కర్‌కు గానీ స్పష్టంగా చెప్పండి. మీరెవరో తెలిపే వివరాలను గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వాళ్లది. కేవలం "నాకు వద్దు" అంటే వాళ్లు దత్తత అనుకుని వేరే కాగితాలు ముందు పెట్టవచ్చు, అందుకే "సేఫ్ సరెండర్" అన్న మాట వాడాలి.

ఇంకో చిన్న ఉచ్చు ఉంది. మీరు అమ్మానాన్నల ఇన్సూరెన్స్ మీదో, భర్త ఇన్సూరెన్స్ మీదో ఉంటే ఏ వైద్యానికి ఎంతయిందో తెలిపే కాగితం వాళ్ల పేరున ఇంటికి పోతుంది. మీ వైద్యం కబుర్లు మీకే పంపాలని ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పే హక్కు కాలిఫోర్నియాలో ఉంది. 2022 జూలై నుంచి ఈ నిబంధన ఇంకా గట్టిపడింది. కాన్పుకు ముందే ఫోన్ చేసి వేరే చిరునామా గానీ ఈమెయిల్ గానీ ఇవ్వండి.

తండ్రికి తెలియకుండా ఇచ్చేయొచ్చా? నేను తండ్రిని, ఇప్పుడే తెలిసింది, ఏం చేయాలి?

ఇచ్చేటప్పుడు రెండోవారి సంతకం అడగరు. కానీ తండ్రి హక్కు అంతటితో పోదు. మీరు ఆ తండ్రయితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. కౌంటీ పిల్లల సంక్షేమ శాఖకు ఫోన్ చేసి, ఏ రోజు ఎక్కడ ఇచ్చారో తెలిసినంత చెప్పి, జువెనైల్ కోర్టులో లాయరును అడగండి. డీఎన్ఏ పరీక్ష తర్వాతి మాట. మీరు అడుగుతున్నారన్న సంగతి ముందు రికార్డులోకి ఎక్కాలి.

మనసు మారితే బిడ్డను తిరిగి ఇస్తారా?

14 రోజులు గడువుంది, అప్పగించిన రోజు నుంచి. మొదటి గంటల్లో, పిల్లల సంక్షేమ శాఖ ఇంకా బిడ్డను తీసుకోకముందే ఆసుపత్రికి వెళ్లి అడిగితే, హింస జరిగిందన్న అనుమానం లేకపోతే అక్కడే ఇచ్చేయవచ్చు. సిబ్బంది ఆ శాఖకు 48 గంటల్లోపు కబురు పెట్టాలి కాబట్టి ఆ అవకాశం కొద్దిసేపే ఉంటుంది. ఆ తర్వాతయితే శాఖ మీ గుర్తింపు చూసుకుంటుంది, ఇంటి పరిస్థితి, పెంచగలరా లేదా అన్నది పరిశీలిస్తుంది. బిడ్డకు ప్రమాదం లేదనిపిస్తే కేసు కొట్టేయమని జువెనైల్ కోర్టును తానే అడుగుతుంది.

దీనికి పేరు చెప్పక తప్పదు. 13వ రోజు రాత్రి ఫోన్ చేసే వాళ్లున్నారు. అప్పుడు కూడా అడగొచ్చు, కానీ పట్టీ సంఖ్య చేతిలో లేకపోతే ఉన్న కాస్త సమయమూ ఏ బిడ్డో తేల్చడానికే పోతుంది.

తర్వాత బిడ్డ ఏమవుతుంది? మేం దత్తత తీసుకోవచ్చా?

ఆసుపత్రిలో పరీక్షలు అయ్యాక శాఖ బిడ్డను తన సంరక్షణలోకి తీసుకుంటుంది. ఎవరి దగ్గరి నుంచైనా ఎత్తుకొచ్చిన బిడ్డేమోనని 24 గంటల్లో రాష్ట్ర, జాతీయ తప్పిపోయిన పిల్లల రికార్డులకు వివరాలు పంపుతుంది. తల్లిదండ్రుల పేర్లు అందులో ఉండవు. బిడ్డను ముందే ఆమోదం పొందిన కుటుంబానికి ఇస్తారు. తల్లిదండ్రుల హక్కులు ముగిసినట్టు కోర్టు తేల్చాక దత్తత జరుగుతుంది.

దత్తత కోరేవాళ్లు కాలిఫోర్నియాలో రిసోర్స్ ఫ్యామిలీ ఆమోదం తీసుకోవాలి: వేలిముద్రలు, ఇంటి తనిఖీ, శిక్షణ తరగతులు. తెలుగు బిడ్డే కావాలని, ఫలానా స్టేషన్‌కి వచ్చిన బిడ్డ కావాలని కోరే వీలు లేదు. అలాగే, బిడ్డ మా అక్క దగ్గరో, ఊళ్లో పిన్ని దగ్గరో పెరగాలనుకునే తల్లికి కూడా ఈ దారి కాదు. అప్పగింతలో ఎవరికివ్వాలో మీరు చెప్పలేరు. అలాంటి కోరిక ఉంటే బిడ్డను అప్పగించకముందే దత్తత లాయరును కలవాలి.

గోడలో పెట్టె ఉంటుందట, అందులో పెట్టి వెళ్లొచ్చట. అదేమిటి?

బేబీ బాక్స్. 2016లో ఇండియానా రాష్ట్రం వుడ్‌బర్న్‌లో ఫైర్ స్టేషన్ గోడకు అమర్చారు, తర్వాత చాలా రాష్ట్రాలకు పాకింది. బయటి తలుపు తెరిచి బిడ్డను పెట్టి మూస్తే తాళం పడిపోతుంది, లోపల వేడి సరిపడా ఉంటుంది, అలారం మోగుతుంది. సిబ్బంది లోపలివైపు నుంచి తీసుకుంటారు. ముఖం చూపించలేని తల్లికి ఇదొక ఆసరా. కానీ ఆ రాష్ట్రం చట్టం ఒప్పుకున్న చోటే అది అప్పగింత అవుతుంది. పైగా రక్తస్రావంతో ఉన్న తల్లిని చూసే మనిషి అక్కడ ఉండడు. పైన కాలిఫోర్నియా గురించి చెప్పిందంతా మనిషి చేతికి ఇవ్వడం గురించే.

వేరే రాష్ట్రంలో ఉన్నాం. గడువు ఎంత?

వాషింగ్టన్, మిషిగన్ 72 గంటలు. న్యూజెర్సీ, ఇల్లినాయ్, జార్జియా, ఒహాయో 30 రోజులు. టెక్సస్ 60 రోజులు. నార్త్ డకోటా ఏడాది. ఇల్లినాయ్‌లో పోలీస్ స్టేషన్ కూడా చెల్లుతుంది. చట్టసభలు ఈ అంకెలను మారుస్తూనే ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు 1-888-510-2229కి ఒక్క ఫోన్ చేయండి.

గడువు రాయడం మరిస్తే ఏమవుతుందో నెబ్రాస్కా చూపించింది. 2008లో అక్కడి చట్టంలో "పిల్లలు" అని రాశారు, వయసు రాయలేదు. కొద్ది నెలల్లోనే 30 మందికి పైగా పిల్లలను తెచ్చి వదిలారు, వాళ్లలో పదిహేను, పదహారేళ్ల వాళ్లున్నారు. ఒక తండ్రి ఒకే రోజు 9 మందిని ఒమాహా ఆసుపత్రిలో వదిలాడు. ఆ నవంబరులోనే ప్రత్యేక సమావేశం పెట్టి 30 రోజులకు కుదించారు.

ఆంధ్రలో, తెలంగాణలో ఇలా ఉందా?

ఫైర్ స్టేషన్‌కి మన దగ్గర ఈ పాత్ర లేదు. ఉన్నది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. దాని 35వ సెక్షన్ కింద తల్లిదండ్రులు బిడ్డను సీడబ్ల్యూసీ అనే బాలల సంక్షేమ కమిటీ ముందుకు తేవాలి. కమిటీ విచారించి, కౌన్సెలింగ్ చేసి, అప్పగింత పత్రం రాయించుకుంటుంది. మనసు మార్చుకోవడానికి 2 నెలలు ఇస్తుంది. ఈలోగా బిడ్డ శిశుగృహ వంటి ప్రత్యేక దత్తత సంస్థలో ఉంటుంది. హైదరాబాద్‌లో శిశు విహార్ అలాంటిదే. గడువు దాటితే, దత్తతకు అర్హత ప్రకటించి, దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా ద్వారా కుటుంబానికి ఇస్తారు. పేరు చెప్పకుండా ఇచ్చే వీలు ఈ సెక్షన్‌లో లేదు, అమెరికా పద్ధతికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. శిశు కేంద్రాల గుమ్మాల్లో పెట్టిన ఊయలలు ఆ లోటును కొంత పూడుస్తాయి. తమిళనాడు 1992లో సేలంలో మొదలుపెట్టిన పద్ధతి అది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. వదిలేసిన బిడ్డ కనిపించినవాళ్లు కూడా 24 గంటల్లోపు 1098కో పోలీసులకో కమిటీకో తెలపాలి. తెలపకపోవడం నేరం. ఆసుపత్రి ఆయా "పిల్లల్లేని వాళ్లకి ఇప్పిస్తా, ఖర్చులు వాళ్లే పెట్టుకుంటారు" అంటే అది దత్తత కాదు, అమ్మకం. అదే జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు. ఆసుపత్రి సిబ్బందే చేస్తే 3 నుంచి 7 ఏళ్లు.

అప్పగించాక నా ఒంటి సంగతి?

ఇంట్లో ఒంటరిగా కన్నవాళ్లు దీన్నే పట్టించుకోరు. గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే, కోడిగుడ్డంత గడ్డలు పడుతుంటే, మాయ అరగంటలో పడకపోతే 911 చేయండి. మాయ పడింది కదా అనుకున్నా అందులో ముక్క లోపలే ఉండిపోవచ్చు, అప్పుడు రెండు మూడు రోజులకు దుర్వాసన, 100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరం వస్తాయి. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు కనిపిస్తే బీపీ పెరిగిందని అర్థం, కాన్పయిన ఆరు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. మూడోరోజుకు పాలు పడి రొమ్ములు రాయిలా గట్టిపడతాయి. బిగుతైన లోదుస్తులు, చల్లని కాపడం ఉపశమనం ఇస్తాయి. నొప్పికి తట్టుకోలేకపోతే కొద్దిగా పిండండి, ఎక్కువ పిండితే పాలు ఇంకా పడతాయి.

డాక్టరు దగ్గర కాన్పయిందని చెప్పండి. బిడ్డ ఏదని అడిగితే సేఫ్ సరెండర్ చేశానని చెప్పొచ్చు.

రూమ్మేట్ గర్భం దాస్తోందని అనుమానం. ఎలా అడగాలి?

"నువ్వు ప్రెగ్నెంటా?" అని నలుగురిలో నిలదీస్తే కాదనే అంటుంది, ఆపైన మీకు కూడా దూరమవుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు, ఒకవేళ ఎవరికైనా ఇలాంటి ఇబ్బందొస్తే ఫైర్ స్టేషన్‌లో పేరు లేకుండా బిడ్డను ఇవ్వొచ్చని ఎవరో చెప్పారే అని మాటల్లో వినిపించేలా అనండి. పైన ఇచ్చిన లాస్ ఏంజలెస్ కౌంటీ, నేషనల్ సేఫ్ హేవెన్ అలయన్స్ నంబర్లలో ఒకదాన్ని ఆమె ఫోన్‌కి పంపండి, కారణం చెప్పకుండానే. రాత్రిపూట బాత్‌రూము తలుపు వేసుకుని గంటలు గంటలు బయటికి రాకపోతే, మూలుగు వినిపిస్తే, ఆమె కోప్పడుతుందని ఆలోచించకండి. తలుపు కొట్టండి. తీయకపోతే 911 చేయండి.